తూకపు రాళ్ళకు బొట్టు

రసాయనశాస్త్రం చదువుకుంటున్న తమ్ముళ్ళు కొందరు, నా మొదటి ఉద్యోగం గురించి ఏదైనా రాయమన్నారు. జ్ఞాపకాలు రాసుకోవడానికి నాకింకా వయసు చాలదు. కాని నేను పనిచేసిన ప్రయోగశాల నాకంటె ముందే రిటైరయిపోయింది. దాని తరపున నేను రాస్తే తప్పు లేదనుకుంటాను.

ఆ ప్రయోగశాల బందరులో, ఒకప్పుడు ధాన్యం గోదాముగా ఉన్న పెంకుటింట్లో ఉండేది. మా పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: వానాకాలంలో ఉప్పు ఎందుకు నీరు కారుతుంది, కారకుండా ఏం చెయ్యాలి. అవి యుద్ధం రోజులు. మన తీరాన పండిన ఉప్పు గోనె బస్తాల్లో రైలెక్కి దూరదేశం చేరేసరికి సగం గోనెలోకీ, సగం రైలుపెట్టె నేల మీదికీ పోతోందని ఫిర్యాదు. ఆ సంగతి తేల్చమని మద్రాసులో ఒక సంఘంవారు మా జీతాలు భరిస్తున్నారు.

తేమను గురించి పరిశోధించడానికి బందరును మించిన ఊరు లేదు. అంతకంటె పనికిరాని ఊరు కూడా లేదు. తేమ కోసం ప్రత్యేకం ఏర్పాట్లు అక్కర్లేదు, అది మంచి. ఆ తేమ ఉప్పునొక్కదాన్నే పట్టుకుని ఊరుకోదు, అది చెడ్డ. అగ్గిపుల్లలు వెలగవు. వడపోత కాగితాలు వేయించని అప్పడాల్లా మెత్తబడతాయి. సీసాలకు అంటించిన చీటీలు ఒక్కొక్కటే జారి బల్లమీద పడతాయి. పొద్దున్నే వచ్చి ఏ చీటీ ఏ సీసాదో పోల్చుకోవడం నా మొదటి పని.

ఉద్యోగులం ముగ్గురం. డైరెక్టరు గారు, మాస్టారు, నేను.

డైరెక్టరు గారు పెద్ద చదువు చదివినవారు. చెయ్యబోయే ప్రయోగం ఫలితం ముందే తెలిసినవారు. మాస్టారు ఒకప్పుడు హైస్కూల్లో సైన్సు చెప్పి, ఆ పని మానుకుని మా దగ్గరికి వచ్చారు. త్రాసు పని ఆయనది. అద్దాల పెట్టెలో ఉండే ఆ త్రాసు మా దగ్గరున్న వస్తువులన్నిటిలోకీ ఖరీదైనది. దాని ఇత్తడి రాళ్ళు మఖమలు గుంటల్లో పెద్దా చిన్నా వరసగా పడుకుని ఉండేవి. వేలు తగిలితే చెమట అంటి బరువు మారుతుందని వాటిని చిన్న పట్టకారుతో మాత్రమే ఎత్తాలి. ఈ నియమాన్ని మాస్టారు నిష్ఠగా పాటించేవారు. ఒకసారి నేను ఏమరుపాటున వేలితో తాకితే, ‘మడి కట్టుకున్నవాణ్ణి ముట్టుకున్నట్టు ముట్టుకున్నావేమయ్యా!’ అని వారం రోజులు నన్ను త్రాసు దరిదాపులకు రానివ్వలేదు.

డైరెక్టరు గారి సిద్ధాంతం ఊక బూడిద. గుడివాడ రైసుమిల్లుల్లో బాయిలర్ల కింద కాలిన వరి ఊక బూడిదను బాగా తెల్లబడేదాకా మళ్ళీ కాల్చి, ఉప్పులో కొంచెం కలిపితే తేమను ఆ బూడిదే పట్టుకుంటుందనీ, ఉప్పు పొడిగా ఉంటుందనీ ఆయన నమ్మకం. ఎంత కాల్చినా అది మాకు పూర్తిగా తెల్లబడలేదు. ఉప్పు వాన మబ్బు రంగులో తయారయ్యేది.

“ఈ రంగు ఉప్పు ఎవరు తింటారండీ?” అని అడిగాను.

“ఉప్పు కంటితో తింటావుటయ్యా?” అన్నారు ఆయన.

పద్ధతి చాలా సులువు. ఒక పింగాణి గిన్నెలో మామూలు ఉప్పు, మరొకదానిలో బూడిద కలిపిన ఉప్పు. రెండూ తూచి, జల్లు పడకుండా వసారాలో అలమరలో ఉంచుతాం. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ తూస్తాం. పెరిగిన బరువంతా అది పట్టిన నీరు. దీనికి నేను చేర్చినది ఒకే ఒక్కటి: మూడో గిన్నె, ఖాళీది. ఉప్పు లేని గిన్నె బరువు మారకూడదు. మారితే ఎక్కడో పొరపాటు ఉన్నట్టు లెక్క. నాకు ఇటువంటి చాదస్తాలు ఎక్కువ.

ఆ గిన్నె మీద ఏడాది పొడుగునా వేళాకోళమే.

“ఏమోయ్, నీ ఖాళీ గిన్నె కులాసాయేనా?” అని మాస్టారు రోజూ పలకరించేవారు. తూచిన ప్రతిసారీ, “అచ్చం నీ జేబులా ఉందోయ్, పెరగదూ తరగదూ” అనేవారు.

డైరెక్టరు గారు మాత్రం నవ్వకుండా, “ఉత్త గిన్నెను తూచడానికా నీకు జీతం ఇప్పిస్తున్నాను?” అనేవారు.

ఎన్నిసార్లు తూచినా బూడిద ఉప్పు కూడా నీరు పడుతూనే ఉంది. ఇంతలో దసరా ముందు మద్రాసు నుంచి కబురు వచ్చింది. పండగ వెళ్ళిన రెండో రోజు సంఘం తరపున ఒక ఆఫీసరు గారు వస్తారు. ఉప్పు తూకం తన ఎదుట వేయించి చూస్తారు. ఫలితం ఉంటే ప్రయోగశాల ఉంటుంది. లేకపోతే త్రాసును మద్రాసు పంపించి తలుపులు మూస్తారు. మూస్తే నా గతి ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. గుడివాడలో మా మేనమామ రైసుమిల్లులో బస్తాల పద్దు రాసుకోవడం. ఆయన అప్పటికే నా కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, వెళ్ళినప్పుడల్లా చూపించేవాడు.

“వానల్లో ఉప్పు చెమ్మగిల్లుతుందని తెలుసుకోడానికి బియ్యస్సీ ఎందుకురా? మీ అత్తయ్యనడిగితే చెప్పేది కదా!” అనేవాడు.

ఆ కుర్చీ తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

మూడు గిన్నెలూ తూచి అలమరలో పెట్టి, పండక్కి మా ఊరు వెళ్ళాను. మాది దివిసీమ. తిరిగి దశమినాడు ఉదయమే బయలుదేరి, పులిగడ్డ దగ్గర పడవ దాటి, వానలో నానుతూ బందరు చేరేసరికి ప్రయోగశాల ముందు జట్కా ఆగి ఉంది. ఆఫీసరు గారు రెండు రోజులు ముందే దిగారు.

ఆయన భారీ మనిషి. నుదుట నిలువు నామం, చంకలో గొడుగు. మన తెలుగాయనే, మద్రాసులో స్థిరపడ్డారు. గది మధ్య నిలబడి చుట్టూ చూస్తున్నారు. నేనూ చూశాను. ముందు రోజు మహర్నవమి కదా, మాస్టారు ఆయుధపూజ చేశారు. పనిముట్లున్న ప్రతి ఇంట్లోనూ చేసేదే. అయితే ఆయన ఏదీ సగం సగం చెయ్యరు. స్పిరిటు దీపానికి బొట్టు. ఉష్ణమాపకానికి బొట్టు. సీసాలన్నిటికీ బొట్లు, చీటీలు లేకపోయినా అవి ముత్తయిదువుల్లా కళకళలాడుతున్నాయి. ఆమ్లం జాడీకి బంతిపూల దండ.

ఆఫీసరు గారు చెప్పులు వదిలి అన్నిటికీ కలిపి ఒక నమస్కారం పెట్టారు.

“మరి తూకం వెయ్యచ్చునా? ఉద్వాసన అయిందా?” అని అడిగారు.

“సాయంత్రానికి గానీ కాదండి. అయినా తమరు దయచేశారు గనుక అమ్మవారికి మనవి చేసుకుని, కొబ్బరికాయ కొట్టి, త్రాసునొక్కదాన్నీ విడిపించాను” అన్నారు మాస్టారు.

అందరం త్రాసు చుట్టూ చేరాం. మాస్టారు అద్దాల తలుపు ఎత్తి, బూడిద ఉప్పు గిన్నెను ఎడమ పళ్ళెంలో పెట్టి, కుడి పళ్ళెంలో పట్టకారుతో రాళ్ళు వేస్తూ పోయారు. నేను వెనక నిలబడి వేసిన రాళ్ళ లెక్క కాగితం మీద రాసుకుంటున్నాను. ముల్లు అటూ ఇటూ ఊగి నిలిచింది. మాస్టారు అంకె చదివారు.

పండగ ముందు రాసుకున్న అంకె అదే. తేడా లేదు.

డైరెక్టరు గారు నా భుజం పట్టుకున్నారు. నిలదొక్కుకోవడానికని తర్వాత తెలిసింది.

“అంటే?” అన్నారు ఆఫీసరు గారు.

“అంటే ఒక్క మిల్లీగ్రాము నీరు కూడా పట్టలేదండి! బందరులో! ఇంత వానలో!” అన్నారు డైరెక్టరు గారు.

మామూలు ఉప్పు తూచారు. దండిగా పెరిగింది. ఆఫీసరు గారు తల పంకించారు. నా కళ్ళ ముందు గుడివాడ మిల్లులోని కుర్చీ మెల్లగా మాయమైపోయింది.

“ఆ మూడో గిన్నె ఏమిటి?”

“అబ్బే, అది ఏమీ కాదండి. కుర్రవాడి సరదా” అన్నారు డైరెక్టరు గారు.

“పండగపూట కుర్రవాడి సరదా ఎందుకు కాదనాలి? దాన్నీ తూచండి.”

మాస్టారు నాకేసి చూసి కన్ను గీటి, ఖాళీ గిన్నెను పళ్ళెంలో పెట్టారు. రాళ్ళు వేశారు. తీశారు. మళ్ళీ వేశారు. అంకె చదవడానికి చాలాసేపు పట్టింది.

ఖాళీ గిన్నె బరువు తగ్గింది. మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాములు కాదు. మా త్రాసు లెక్కలో అది ఘోరమైన తగ్గుదల.

“వానలో నానిన గిన్నె చిక్కిపోయిందేమిటండీ?” అని ఆఫీసరు గారు అడిగారు.

డైరెక్టరు గారు తడుముకోలేదు. సముద్రపు గాలిలో ఉండే ఉప్పు అణువులు పింగాణి పైపొరను కొరుక్కు తింటాయనీ, ఆ పొర ఆవిరిగా మారే అవకాశం లేకపోలేదనీ, దాని మీద వేరే పరిశోధన చెయ్యదగ్గదనీ చెప్పారు.

“మా ఇంట్లో ఆవకాయ పింగాణి జాడీలోనే ఉందండీ. జాడీ ఆవిరైపోతే ఆవకాయ గతేమిటి?”

“ఆవకాయలో నూనె ఉంటుంది కదండీ. నూనె కాపాడుతుంది.”

ఆఫీసరు గారు కొంచెం ఆలోచించి, “సరే, ఉప్పు సంగతి తేలింది కదా. గిన్నె సంగతి మనకెందుకు?” అని గొడుగు అందుకున్నారు.

అప్పుడే నేను రాళ్ళ పెట్టెలోకి చూశాను.

వరసగా పడుకున్న రాళ్ళన్నిటికీ బొట్లు. ఒక్కొక్కదాని నెత్తిన ఆరిన గంధం, దాని మధ్య పసుపు, పైన కుంకుమ. పెద్ద రాళ్ళకు పెద్దవి, చిన్న రాళ్ళకు చిన్నవి. చిన్న తూకాలకు వాడే పల్చని రేకులను కూడా వదలలేదు. పది మిల్లీగ్రాముల రేకు మీద ఉన్న బొట్టు ఆ రేకు కంటె బరువుంటుంది. ఇవతల రాళ్ళు బరువెక్కితే అవతల పెట్టిన ప్రతి వస్తువూ తేలిక అయినట్టు కనిపిస్తుంది. బూడిద ఉప్పు గిన్నెకు చిన్న చిన్న రాళ్ళు చాలా పట్టాయి. దాన్ని తేమ ఎంత పెంచిందో, బొట్లు సరిగ్గా అంతా దాచేశాయి. మామూలు ఉప్పు గిన్నె రెండు మూడు రాళ్ళతో సరిపోయింది కనుక దాని గుట్టు దాగలేదు. ఖాళీ గిన్నెకు దాచుకోవడానికి ఏమీ లేదు.

నోరు మూసుకుని ఉండిపోతే నా ఉద్యోగం నిలిచేది. అలా ఉందామనే అనుకున్నాను కూడా. ఉండలేకపోవడానికి కారణం ధర్మచింతన అని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అది కాదు. ఏడాదిగా అందరూ నవ్విన గిన్నె మొదటిసారి మాట్లాడింది. దాని మాట వినేవాణ్ణి నేనొక్కణ్ణే.

“అది గిన్నె కాదండీ, బొట్లండీ” అన్నాను.

గొడుగు ఆగింది. చెప్పవలసింది చెప్పాను.

మాస్టారి ముఖం ఎర్రబడింది. “చేత్తో ముట్టుకున్నాననుకుంటున్నావా? ఒక్కొక్కటీ పట్టకారుతో ఎత్తి, అగ్గిపుల్లతో పెట్టానయ్యా బొట్టు!”

“ముట్టుకున్నారని కాదు మాస్టారూ, బరువు...”

“ఏం బరువు? త్రాసు పళ్ళాలకు పెట్టానా? ఒకవైపు మొగ్గుతుందని నాకు తెలీదూ? ఇవి రాళ్ళు. ఇదిగో, దీనిమీద ఇరవై అని చెక్కి ఉంది. బొట్టు పెట్టినంత మాత్రాన ఇరవై ఒకటి అవుతుందా? నీ నెత్తిన బొట్టు పెడితే నీ పేరు మారిపోతుందా?”

డైరెక్టరు గారు నా చెవి దగ్గర, “నిన్ను ఉత్త గిన్నె తూచమన్నదెవరు?” అన్నారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

“తగువెందుకు? బొట్లు తుడిచి మళ్ళీ తూచండి” అన్నారు ఆఫీసరు గారు.

మాస్టారు వెళ్ళి పెట్టెకు అడ్డంగా నిలబడ్డారు. “ఉద్వాసన కాకుండా అమ్మవారి బొట్టు తుడవను. తమరు పెద్దలు. తుడవమని తమ నోటితో మళ్ళీ అనండి, తుడుస్తాను.”

ఆఫీసరు గారు నుదుటి నామం తడుముకున్నారు. వాన చూశారు. గొడుగు మూలన పెట్టారు. “ఉద్వాసన ఎప్పుడన్నారు?”

ఆ విధంగా మద్రాసు సంఘంవారి ప్రతినిధి ముహూర్తం కోసం సాయంత్రం దాకా మా గోదాములో కూర్చున్నారు. మధ్యాహ్నం మాస్టారి భార్య పులిహోర, గారెలు, మజ్జిగ పంపించారు. అందరం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. డైరెక్టరు గారు పులిహోరను చూస్తున్నారు. మాస్టారు నావైపు వీపు పెట్టి కూర్చున్నారు. ఆఫీసరు గారు మజ్జిగలోకి ఉప్పు కోసం విస్తరి మూలకు వేలు పెట్టారు. అక్కడ ఉప్పు లేదు. చిన్న నీటి చుక్క ఉంది. ఆయన ఆ చుక్కనూ డైరెక్టరు గారినీ మార్చి మార్చి చూసి, వేలు నాకి, భోజనం ముగించారు.

సాయంత్రం మాస్టారు దీపం వెలిగించి, హారతి ఇచ్చి, అమ్మవారికి ఉద్వాసన చెప్పారు. తర్వాత పెట్టె ముందు కూర్చుని దూదితో ఒక్కొక్క రాయి మీది బొట్టునూ మెల్లగా రాల్చడం మొదలుపెట్టారు. నిర్మాల్యం నేలమీద పడకూడదు, కాళ్ళ కింద పడకూడదు, పారే నీళ్ళలోనే కలపాలి అని ఆయన పట్టుదల. అందుకని రవ్వ కూడా పోకుండా గుంటగా ఉన్న ఒక గాజు బిళ్ళలోకి పడుతున్నారు. అది చూడగానే నాకు ఆలోచన తట్టింది.

“మాస్టారూ, ఖాళీ గిన్నెకు వేసిన రాళ్ళు ఏవేవో నా దగ్గర రాసి ఉంది. వాటి బొట్లు మాత్రం వేరే బిళ్ళలో పట్టగలరా?”

ఆయన తగువు తర్వాత మొదటిసారి నా ముఖం చూశారు. రెండో గాజు బిళ్ళ తీసి పక్కన పెట్టుకున్నారు.

శుభ్రమైన రాళ్ళతో ముందు ఉప్పులు తూచారు. బూడిద ఉప్పు నిక్షేపంగా నీరు పట్టింది. మామూలు ఉప్పుకంటె కొద్దిగా తక్కువే, కాని అందులో బూడిద ఎంత వేశామో అంత ఉప్పు తక్కువ కదా. తేడా అంతకంటె ఎక్కువ లేదు. డైరెక్టరు గారు కుర్చీ వెతుక్కున్నారు. గుడివాడ కుర్చీ నా కళ్ళ ముందుకు మళ్ళీ వచ్చింది, ఈసారి మేనమామతో సహా.

తర్వాత ఖాళీ గిన్నె. పండగ ముందు ఎంతో ఇప్పుడూ అంతే.

చివరకు మాస్టారు రెండో బిళ్ళలోని పసుపు కుంకుమలను తూచారు. అంకె పైకి చదవలేదు. నా చేతిలోని కాగితం లాక్కుని, పొద్దున ఖాళీ గిన్నె కోల్పోయిన బరువు పక్కన తనే రాశారు. రెండూ ఒకటే. మా త్రాసు చూపగలిగినంత మేరకు వాటి మధ్య తేడా లేదు.

మీరు చదువుకుంటున్నవారు గనుక ఒక మాట చెప్పాలి. ఆ ప్రయోగశాల బతికిన కాలమంతటిలో, ముందు ఇలా ఉండాలి అనుకున్న అంకె, తర్వాత కొలిచిన అంకె అచ్చుగుద్దినట్టు కలిసిన ప్రయోగం అదొక్కటే. మేము కొలిచిన పదార్థం అమ్మవారి బొట్టు.

ఆఫీసరు గారు ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూశారు.

“ఉప్పు విషయంలో మీరు ఓడిపోయారండీ, సందేహం లేదు. కాని పొద్దున నేను బండెక్కి ఉంటే గెలిచామని రాసేవాణ్ణి. ఆ రాత నమ్మి బస్తాలకు బస్తాలు బూడిద కలిపేవారు.” గొడుగు అందుకుని, “మీ దగ్గర తప్పు జరిగితే పట్టుబడుతుంది. అది చాలాచోట్ల లేదు. ఇంకో ఏడాది చూడండి. బూడిద మాత్రం వద్దు” అన్నారు.

ఇంకో ఏడాది చూశాం. సున్నం చూశాం, సుద్ద చూశాం. ఉప్పు నీరు కారుతూనే ఉంది. ఏడాది గడిచాక త్రాసు మద్రాసు వెళ్ళింది. మాస్టారు మళ్ళీ బడికి వెళ్ళారు. డైరెక్టరు గారు పింగాణి ఆవిరి మీద వ్యాసం రాయబోతున్నారని చెప్పుకున్నారు, రాయలేదనే అనుకుంటాను. నేను గుడివాడ కుర్చీలో కూర్చోకుండా మరోచోట తూకాలు వేసుకుంటున్నాను. నా బల్లమీద ఎప్పుడూ ఒక ఖాళీ గిన్నె ఉంటుంది.

ఆ ఏడాదిలో వచ్చిన దసరా సంగతి చెప్పి ముగిస్తాను. సంఘంవారు ఒక పాత రాళ్ళ పెట్టె పంపారు. సామాను పట్టీలో దాని ఎదురుగా ‘పూజ నిమిత్తం’ అని రాసి ఉంది. మాస్టారు ఆ రాళ్ళన్నిటికీ తృప్తిగా బొట్లు పెట్టారు. అసలు పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. అంతా అయ్యాక అగ్గిపుల్ల గంధంలో ముంచి నావైపు తిరిగారు.

“ఇలా రావోయ్.”

వెళ్ళాను. ఆయన ఎడమచేత్తో పట్టకారు తీసుకుని, చేతి వేలు తగలకుండా దాని కొసలతో నా గడ్డం పట్టుకుని ఎత్తి, కుడిచేత్తో నా నుదుట గంధం, పసుపు, కుంకుమ వరసగా పెట్టారు. ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి, ముల్లు నిలిచిందో లేదో చూసుకున్నట్టు చూసుకున్నారు.

“నువ్వూ ఇక్కడి పనిముట్టువే కదా. కదలకు, రాలుతుంది” అన్నారు.